సవరణ: బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ పాత రికార్డింగులు

షికాగో నుంచి 1933లో మొదలై 1968 దాకా పొద్దున్నే వచ్చిన డాన్ మెక్‌నీల్ రేడియో షో 'బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' గురించి మొన్నటి పోస్టులో "మొదటి నుంచీ ఏబీసీ టేపులే" అని ఉంది. అందులో రెండు మాటలూ మార్చి చదవండి.

ఏబీసీ అనే అమెరికన్ రేడియో నెట్‌వర్క్‌కి ఆ పేరు 1945లో వచ్చింది, అంతకుముందు అది బ్లూ నెట్‌వర్క్, 1943 దాకా ఎన్‌బీసీ అనే ఇంకో రేడియో కంపెనీ వాళ్లది. ఇక టేపు సంగతి: అమెరికన్ రేడియోలో టేపు వాడకం 1947 నుంచే. అప్పటిదాకా ప్రోగ్రాముల్ని దాచింది 16 అంగుళాల పెద్ద డిస్కుల మీద, ఒక్కో వైపు దాదాపు పావుగంట పట్టేది, అంటే గంట షోకి నాలుగు వైపులు కావాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అల్యూమినియం దొరక్క చాలా డిస్కుల్ని గాజు పలక మీద పూత పూసి చేశారు, చెయ్యి జారితే ముక్కలే. ఇలాంటివి ఇన్నాళ్లు మిగలడమే గొప్ప!

ఈ షోలో పావుగంటకోసారి శ్రోతల్ని బ్రేక్‌ఫాస్ట్ బల్ల చుట్టూ మార్చ్ చేయమని పిలిచేవారు, కాబట్టి విడి ముక్క దొరికినా అది షోలో ఏ భాగమో ఆ పిలుపుని బట్టి కొంత పట్టుకోవచ్చు. 1945కి ముందు తేదీ ఉన్న ఫైలు మీద ఏబీసీ అని కనిపిస్తే ఆ పేరు తర్వాత ఎవరో రాసిందే.