పొలం, కోర్టు, పిండిమర ఒకే చేతిలో

మధ్యయుగపు భూస్వామ్య వ్యవస్థ అనగానే పాఠ్యపుస్తకంలోని పిరమిడ్ గుర్తుకొస్తుంది. పైన రాజు, కింద ప్రభువులు, నైట్లు (గుర్రపు యోధులు), అట్టడుగున రైతులు. ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ భూమి ఎవరు ఎవరికిచ్చారో చెబుతుందే తప్ప, దాన్ని దున్నే మనిషిని ఎలా కట్టి ఉంచారో చెప్పదు. అసలు తెలుసుకోవాల్సింది అదే.

ఇంగ్లండ్‌నే తీసుకుందాం. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం, సైనిక సేవ చేయాలన్న షరతు మీద తన వెంట వచ్చిన నార్మన్ ప్రభువులకు భూములిచ్చాడు. 1086లో ఊరూరా లెక్కలు తీయించాడు. ఆ డోమ్స్‌డే బుక్‌లో నాగళ్లు, రైతులతో పాటు 6,000కు పైగా పిండిమరలు కూడా ఉన్నాయి. మరలంటే ప్రభువులకు రాబడి మరి.

ప్రభువు ఎస్టేటును మేనర్ అనేవారు. అక్కడ స్వేచ్ఛ లేని రైతు సాధారణంగా వారానికి రెండు మూడు రోజులు ప్రభువు పొలంలో వెట్టి చేయాలి. కూతురి పెళ్లికి రుసుము కట్టాలి. అతను చనిపోతే కొట్టంలోని మేలైన పశువు ప్రభువుకే. అన్యాయమని అడగాలంటే మేనర్ కోర్టుకే వెళ్లాలి, దాన్ని నడిపేది ప్రభువు గుమాస్తా. ఈ రైతు భూమి తగాదాను రాజు కోర్టులు పట్టించుకునేవి కావు. నా దృష్టిలో భూస్వామ్యానికి వెన్నెముక కత్తి కాదు, ఈ కోర్టే.

ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో ప్రభువు ఒక క్రైస్తవ మఠం. జనం తమ ధాన్యాన్ని మఠం మరలోనే ఆడించి రుసుము కట్టాలి. అది తప్పించుకోవడానికి ఇళ్లలో తిరగళ్లు పెట్టుకున్నారు. 1330ల్లో మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ వాటిని లాక్కుని, ఆ రాళ్లను మఠంలో నేలకు పరిపించాడు. ఆయన గొప్ప ఖగోళ గడియారాన్ని రూపొందించిన పండితుడు. అంతటివాడే తిరగళ్ల కోసం ఇళ్ల మీద పడ్డాడంటే మర మీద హక్కు ఎంత విలువైందో అర్థమవుతుంది.

1348లో వచ్చిన ప్లేగుతో కూలీలు కరువయ్యారు. కూలి పెరగకుండా 1351లో చట్టం చేశారు. 1381లో రైతులు తిరగబడి, చాలాచోట్ల మేనర్ కోర్టు రికార్డులనే వెతికి తగలబెట్టారు. తమను కట్టి ఉంచింది ఏదో వాళ్లకు బాగా తెలుసు. సెయింట్ ఆల్బన్స్ జనం ఆ తిరగలి రాళ్లను పెకలించి, ముక్కలు చేసి పంచుకున్నారు. వాళ్ల నాయకుడు విలియం గ్రిండ్‌కోబ్‌ను ఉరి తీశారు. తిరుగుబాటు వేళ రాజు రైతులకు ఇచ్చిన విముక్తి పత్రాలూ రద్దయ్యాయి. కూలీల కొరత మాత్రం తీరలేదు. పని చేసేవాళ్లు దొరక్క, తర్వాతి వందేళ్లలో ప్రభువులు వెట్టి వదులుకుని పొలాలను డబ్బు కౌలుకు ఇచ్చుకోవాల్సి వచ్చింది.