సవరణ: బాటాడ్ వరి మడుల వయసు

ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో కొండల్లో ఉండే బాటాడ్ అనే చిన్న ఊరి గురించి మొన్న రాస్తూ, అక్కడి మెట్ల మడులు 2000 ఏళ్ల నాటివని తేల్చి చెప్పేశాను. తప్పు నాదే. ఆ లెక్క పాతది, యునెస్కో వివరణలోనూ ఉంది; సరిచూడకుండా ఎత్తి రాశాను. అదే ఇఫుగావోలోని కియాంగన్‌లో, పాత ఊరు ఉన్న చోట తవ్విన పురావస్తు పరిశోధకుల ప్రకారం అక్కడ నీటి వరి సాగు సుమారు 1650 తర్వాతిదే. అంతకుముందు పండించింది చామదుంప. స్పానిష్‌వాళ్ల ఒత్తిడికి జనం కొండల్లోకి జరిగాకే మడులు వేగంగా విస్తరించాయట. అందరూ ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది.

ఇంకొకటి. నేను పెట్టిన ఫొటో బాటాడ్‌ది కాదు, బనావే పట్టణం పక్క మడులది. 1995లో వారసత్వ జాబితాకెక్కిన 5 చోట్లలో బాటాడ్ ఉంది, ఫొటోలోవి లేవు. తీసేశాను.