ఫ్రెడ్ హాంప్టన్‌ను చూసి ఎఫ్‌బీఐ ఎందుకు భయపడింది?

1969 డిసెంబరు 11న షికాగో ట్రిబ్యూన్‌లో కొన్ని ఫొటోలు వచ్చాయి. ఒక ద్వారబంధం మీద నల్లటి చుక్కలకు గుండ్రంగా గీతలు గీసి, అవి బ్లాక్ పాంథర్లు (నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన విప్లవ పార్టీ వాళ్ళు) పోలీసుల మీద పేల్చిన తూటాల గుర్తులని రాశారు. వేరే పత్రికల విలేకరులు ఆ ఇంటికి వెళ్ళి దగ్గర నుంచి చూశారు. అవి తూటా రంధ్రాలు కావు, మేకు తలలు.

ఆ అబద్ధం అంత త్వరగా బయటపడటానికి కారణం ఉంది. డిసెంబరు 4 తెల్లవారుజామున పాంథర్లు ఉంటున్న ఆ ఇంటి మీద దాడి చేసిన పోలీసులు, దానికి సీలు వెయ్యకుండా వెళ్ళిపోయారు. పాంథర్లు వెంటనే జనానికి తలుపులు తీశారు. వెస్ట్ మన్రో వీధి, 2337 నంబరు ఇంటి ముందు ఆ చలిలో క్యూలు కట్టి వేలమంది లోపలికి వెళ్ళి చూశారు. ముందు గది దగ్గర నుంచి వెనక పడకగది దాకా గోడలు జల్లెడలా ఉన్నాయి. పడకగదిలో నెత్తురుతో తడిసిన పరుపు ఉంది. ఆ పరుపు మీద నిద్రపోతూ పోలీసుల తూటాలకు బలైన మనిషి పేరు ఫ్రెడ్ హాంప్టన్, ఇల్లినాయి పాంథర్ల నాయకుడు, వయసు 21.

ఎదురుకాల్పులు జరిగాయని అధికారులు చెప్పారు. ఈ మాట తెలుగు పత్రికలు చదివేవాళ్ళకు కొత్త కాదు. తర్వాత ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో లేదో విచారించి తేల్చే పౌరుల బృందం) లెక్క తేల్చింది. పోలీసులు కాల్చిన తూటాలు 82 నుంచి 99 దాకా ఉంటే, పాంథర్ల వైపు నుంచి పేలింది ఒకే ఒక్కటి.

ఫ్రెడ్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆ తెల్లవారుజాము దగ్గరే ఆగిపోతారు. అంతకు ముందు అతను చేసిన పని తెలియకపోతే ఆ చావు అర్థం కాదని నా అభిప్రాయం.

అతని తల్లిదండ్రులు లూసియానా నుంచి పని వెతుక్కుంటూ షికాగో వైపు వచ్చారు. ఎమెట్ టిల్ అనే పిల్లాడిని చిన్నప్పుడు ఫ్రెడ్ తల్లి ఎత్తుకుని ఆడించింది. ఆ టిల్‌నే 1955లో మిసిసిపీలో 14 ఏళ్ళ వయసులో తెల్లవాళ్ళు చంపేశారు. అలాంటి ఇంట్లో పెరిగిన ఫ్రెడ్ కుర్రాడిగా ఉన్నప్పుడే పట్టుకున్న సమస్య ఏమిటో తెలుసా? ఈతకొలను. షికాగో శివారు మేవుడ్‌లో నల్లపిల్లలు ఈత కొట్టడానికి చోటు లేదు. దానికోసం ఊరి పాలకుల చుట్టూ తిరిగాడు, ఊరేగింపులు తీశాడు. నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ యువజన శాఖలో 500 మందికి పైగా కుర్రాళ్ళను చేర్చాడు.

1968 నవంబరులో షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రంలో బ్లాక్ పాంథర్ పార్టీ శాఖ మొదలైనప్పుడు అతనికి 20 ఏళ్ళు. పిల్లలు ఖాళీ కడుపుతో బడికి వెళ్ళకూడదని పాంథర్లు పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టేవారు. ఎఫ్‌బీఐ డైరెక్టర్ ఎడ్గార్ హూవర్ 1969 మేలో తన ఆఫీసులకు పంపిన నోట్‌లో, పాంథర్లను అణచివేసే ప్రయత్నానికి అతిపెద్ద ముప్పు ఈ టిఫిన్ కార్యక్రమమే కావచ్చని రాశాడు. నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పిల్లల ఆకలి తీర్చినవాణ్ణి వీధి మొత్తం నమ్ముతుందని హూవర్‌కు బాగా తెలుసు.

రెండో పని ఇంకా పెద్దది. షికాగో అప్‌టౌన్‌లో అపలాచియా కొండల నుంచి వలస వచ్చిన పేద తెల్లవాళ్ళు ఉండేవారు. వాళ్ళ సంఘం యంగ్ పేట్రియట్స్ కుర్రాళ్ళు బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండాను జాకెట్ల మీద కుట్టుకుని తిరిగేవారు. నల్లవాళ్ళకు ఆ జెండా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అయినా పాంథర్ల నుంచి ముందుగా బాబ్ లీ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. అతనికి దక్కాల్సిన పేరు దక్కలేదని నాకు బాధగా ఉంటుంది. పాడుబడిన అద్దె ఇళ్ళు, పోలీసుల దెబ్బలు, అందని వైద్యం... రెండు వైపులా కష్టాలు ఒకటే. ప్యూర్టోరికన్ కుర్రాళ్ళ యంగ్ లార్డ్స్ కూడా కలిశారు. దానికి రెయిన్‌బో కూటమి అని పేరు పెట్టారు. జాత్యహంకారాన్ని జాత్యహంకారంతో కాదు, ఐక్యతతోనే ఎదుర్కొంటామని ఫ్రెడ్ సభల్లో అనేవాడు.

పాంథర్ల దగ్గర తుపాకులు ఉండేవి. 1969 నవంబరులో జరిగిన కాల్పుల్లో ఇద్దరు పోలీసులు, ఒక పాంథర్ చనిపోయారు. ఆ సమయంలో ఫ్రెడ్ కాలిఫోర్నియాలో ఉన్నాడు. తుపాకీ భాష వాడటం వల్ల పోలీసులకు సాకు దొరికిందనే విమర్శలో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ డిసెంబరు 4 దాడికి కావలసిన సమాచారం వచ్చింది ఆ కాల్పుల నుంచి కాదు, విలియం ఓనీల్ నుంచి. కారు దొంగతనం కేసులో దొరికిన ఓనీల్‌ను ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్‌గా మార్చుకుంది. పార్టీలో భద్రత బాధ్యత చూసేది అతనే. ఫ్లాట్ ప్లాను గీసి, ఫ్రెడ్ మంచం ఎక్కడుందో కూడా గుర్తుపెట్టి ఇచ్చాడు.

తెల్లవారుజామున 4:45కు 14 మంది పోలీసులు లోపలికి వచ్చారు. ముందు గదిలో కాపలా ఉన్న మార్క్ క్లార్క్ అక్కడే చనిపోయాడు. ఫ్రెడ్ పక్కన పడుకున్న డెబొరా జాన్సన్ నిండు గర్భిణి. తనను బయటికి లాగాక గదిలో రెండు తూటాలు పేలాయనీ, "ఇప్పుడు పూర్తిగా చచ్చాడు" అని ఒక గొంతు వినబడిందనీ ఆమె చెప్పింది. 25 రోజుల తర్వాత కొడుకు పుట్టాడు.

దాడికి ఆదేశించిన స్టేట్ అటార్నీ (ప్రభుత్వం తరఫున కేసులు నడిపే అధికారి) ఎడ్వర్డ్ హన్రహాన్ మీద సాక్ష్యాలు తారుమారు చేసే కుట్ర కేసు పెట్టారు. 1972లో అతనూ, అతనితోపాటు నిందితులైనవాళ్ళూ నిర్దోషులుగా బయటపడ్డారు. కుటుంబాలూ, బతికి బయటపడ్డవాళ్ళూ ఏళ్ళ తరబడి సివిల్ కోర్టులో పోరాడితే, 1982లో నగరం, కౌంటీ, ఫెడరల్ ప్రభుత్వం కలిసి 18.5 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఆ హత్యలకు ఒక్కరికీ శిక్ష పడలేదు. దాడి తర్వాత ఓనీల్‌కు ఎఫ్‌బీఐ ఇచ్చిన బోనస్ 300 డాలర్లు. 71 డాలర్ల ఐస్‌క్రీమ్ దొంగిలించాడన్న కేసులో ఫ్రెడ్‌కు అదే 1969లో రెండు నుంచి అయిదేళ్ళ జైలు శిక్ష వేశారు. ఆ దొంగతనం తాను చెయ్యలేదని అతను చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.