మార్చురీలో శవం, ఊళ్లో తల్లి: మధ్యలో కలవని రెండు కాగితాలు

కాజీపేట జంక్షన్ దగ్గర పట్టాలపై గుర్తు తెలియని మృతదేహం దొరికితే, మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్త దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది: వయసు సుమారు 45, చామనఛాయ, చేతిపై పచ్చబొట్టు, నీలం గళ్ల లుంగీ, వివరాలు తెలిసినవారు రైల్వే పోలీసులను సంప్రదించగలరు. మార్చురీలో సాధారణంగా మూడు రోజులు చూస్తారు; ఎవరూ రాకపోతే అంత్యక్రియలు జరిపిస్తారు. ఆ మనిషి కోసమే మంచిర్యాలలోనో ఆసిఫాబాద్‌లోనో మిస్సింగ్ కేసు నమోదై ఉండవచ్చు.

మనకు కొరత సాంకేతికత కాదు. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది, రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. 2025లో అహ్మదాబాద్ విమాన ప్రమాదం, పాశమైలారం పేలుడు, కర్నూలు బస్సు దగ్ధం తర్వాత కాలిపోయిన దేహాలను రక్తసంబంధీకుల డీఎన్‌ఏతో పోల్చి కుటుంబాలకు అప్పగించారు. అయితే అక్కడ ప్రయాణికుల జాబితానో కార్మికుల హాజరో ఉంది, బంధువులు వాళ్లంతట వాళ్లే వచ్చారు. పట్టాల మీది శవానికి అలాంటి జాబితా ఏదీ ఉండదు కాబట్టి, దాన్ని పోల్చి చూడాల్సిన నమూనా ముందే ఎక్కడో భద్రంగా ఉండాలి. అర్జెంటీనాలో సైనిక పాలనలో మాయమైన బిడ్డల పిల్లలను వెతికిన అమ్మమ్మలు, నాయనమ్మలు సాధించింది ఇదే: వారి కుటుంబాల రక్త నమూనాలతో 1987లో జాతీయ జన్యు బ్యాంకు చట్టబద్ధంగా ఏర్పడింది.

ఎవరి రక్తం తీసుకోవాలన్నది చిన్న విషయం కాదు. తల్లి, తండ్రి, బిడ్డ అయితే డీఎన్‌ఏలో సగం కచ్చితంగా కలుస్తుంది. అన్నదమ్ముల మధ్య ఆ వాటా సగటున మాత్రమే సగం, ఒక్కోసారి తక్కువ కూడా. ఒక్క తమ్ముడి నమూనాతో తేలకపోవచ్చు. ఎముక బాగా పాడైనప్పుడు తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆదుకుంటుంది గానీ, అది ఆ తల్లి వరుసలో అందరికీ ఒకటే. పైగా మనవి మేనరికాల కుటుంబాలు. తరతరాలుగా ఒకే కులంలో, దగ్గరి చుట్టరికంలోనే పెళ్లిళ్లు జరిగితే, దూరపు బంధువు కూడా లెక్కల్లో దగ్గరివాడిలా కనిపించే ప్రమాదం ఉంది. కొడుకు గల్ఫ్‌లో, తండ్రి కాటికి చేరిన జగిత్యాల ఇళ్లలో మిగిలేది తల్లి ఒక్కతే. ఆమె ఉండగానే నమూనా తీసుకోవాలి.

అందుకే మిస్సింగ్ కేసు కొన్ని వారాలు దాటినా తేలకపోతే ఆమె సమ్మతితో రక్తపు చుక్క సేకరించాలి, పోస్టుమార్టం చేసే డాక్టరు ఒక పన్నో ఎముక ముక్కో భద్రపరచాలి, ఆ శవాన్ని కాల్చకుండా పూడ్చాలి. వీటిలో ఏదీ కొత్త పరిశోధన కాదు.

చిక్కంతా చట్టంతోనే. తప్పిపోయినవారికి, గుర్తు తెలియని మృతులకు ఒక డీఎన్‌ఏ బ్యాంకులో వేర్వేరు సూచికలు (జాబితాలు) ప్రతిపాదించిన డీఎన్‌ఏ నియంత్రణ బిల్లును 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టి, 2023లో ఉపసంహరించుకున్నారు. అదే బ్యాంకులో నిందితుల సూచికనూ చేర్చడంపై వచ్చిన అభ్యంతరం, నా దృష్టిలో, న్యాయమైనదే. కొడుకును వెతకమని ఇచ్చిన రక్తం రేపు మరో కొడుకుపై దొంగతనం కేసులో సాక్ష్యంగా మారకూడదు. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు పెంపుడు బిడ్డో ఊరికి తెలియకూడదు. ఈ రెండు హామీలూ రాతపూర్వకంగా ఇచ్చే విడి చట్టం కావాలి.

అది వచ్చేదాకా తప్పిపోయినవాడి ఇంట్లో భార్యకు వితంతు పింఛను రాదు, బీమా రాదు, పొలం పట్టా మారదు. శవం దొరకని మనిషి చనిపోయాడని చట్టం భావించాలంటే ఏడేళ్లు ఆగాలి. ఆ ఏడేళ్లలో పూడ్చిన చోటు మీద ఇంకెవరినో పూడుస్తారు.