చివరి రోజైనా కూర్చోనివ్వరా?

కడప నుంచి ఆరుగురు స్నేహితులం సింగపూర్ వెళ్లాం. నాలుగు రోజులు పరుగే పరుగు. చివరి రోజు మాత్రం ఏ ప్రోగ్రామూ పెట్టుకోకుండా బొటానిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద కూర్చుందామని ఇక్కడ బయల్దేరేటప్పుడే అనుకున్నాం. 1859 నాటి తోట అది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆర్కిడ్ల తోటకు తప్ప టికెట్ కూడా లేదు. అక్కడి ఉక్కకు పొద్దున్నే వెళ్తేనే హాయి.

తీరా ఆ పొద్దున ఊరి నుంచి ఫోన్లే ఫోన్లు. "రేయ్, మీ పిన్నమ్మకు సెంటు మర్చిపోవద్దు", "బావకు చాక్లెట్లు", "పక్కింటోళ్లకు తలనొప్పి తైలం". లిటిల్ ఇండియాలో దుకాణాల చుట్టూ నాలుగు గంటలు తిరిగాం. తర్వాత హోటల్ గదిలో పెట్టెలు విప్పడం, తూకం వేయడం, మళ్లీ సర్దడం. బరువు ఎక్కువైతే డబ్బు కట్టాలని అదొక టెన్షన్. అడగడం తప్పు కాదు. కానీ ముందే చెప్పొచ్చు కదా? చివరి రోజే గుర్తొస్తామా?

తోటకు చేరేసరికి మాకు మిగిలింది ఇరవై నిమిషాలు. ఒకడు చెప్పులు విప్పి గడ్డి మీద పడుకున్నాడో లేదో, ట్యాక్సీ వచ్చేసింది. ఆరుగురికీ ఒకేసారి సెలవు దొరకడానికి మూడేళ్లు పట్టింది మాకు.