దోమ మందుకి అలవాటు పడలేదు

మా నరసన్నపేట వైపు ఏ రైతుని కదిపినా ఒకటే మాట: "దోమ మందుకి అలవాటు పడిపోయింది బాబూ." నిరుడు కొట్టిన మందే, అదే మోతాదు, అయినా ఈసారి వరి రసం పీల్చే సుడిదోమ కదల్లేదంటారు. నాకు ఆ 'అలవాటు' అనే మాటతోనే పేచీ. అలవాటు పడటమంటే కారం తినగా తినగా నాలుక మొద్దుబారినట్టు, ఉన్న ప్రాణే మెల్లగా తట్టుకోవడం నేర్చుకోవాలి. పొలంలో ఎక్కువగా జరిగేది అది కాదు. మందు పడేనాటికే ఆ లక్షల దోమల్లో తట్టుకోగలిగేవి ఏవో కొన్ని ఉంటాయి, మిగతావి చచ్చాక మడంతా వాటి పిల్లలదే. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాతో లెక్కకట్టి చూపించింది ఇదే, బ్యాక్టీరియాని చంపే వైరస్‌ని తట్టుకునే మార్పు వైరస్ వచ్చాక పుట్టింది కాదు, అంతకుముందే ఎక్కడో ఒకదానిలో ఊరికే పుట్టి కూర్చుంది.

ఇంతవరకూ బళ్లో చెప్పేదే. నన్ను తొలిచేది ఆ తర్వాతి ప్రశ్న. మారగలిగే సత్తా కూడా పరిణామంలోనే తయారవుతుందా? అవుతుందనే నా నమ్మకం. కాకపోతే రేపటి కష్టాన్ని ముందే చూసి కాదు, ప్రకృతికి ముందుచూపు లేదు. నిన్నటిదాకా మళ్లీ మళ్లీ తగిలిన దెబ్బే ఆ సత్తాని మలుస్తుంది.

వరినే చూడండి. ఒడిశా కొండల్లో వాన దంచితే ఇక్కడ వంశధార, నాగావళి పొంగుతాయి, పల్లపు మడుల్లో ఉభాలైన (నాట్లు పడిన) చేను మునుగుతుంది. మునిగిన మొక్కలో ఎథిలీన్ అనే వాయువు బయటికి పోలేక పేరుకుంటుంది, 'నీళ్లొచ్చాయి' అని మొక్కకి తెలిసేది దానివల్లే. లోతు నీటి వరి రకాల్లో స్నార్కెల్ అనే జన్యువులు ఆ కబురు అందుకుని కాండాన్ని రోజుకి 20 సెంటీమీటర్లకు పైగా కూడా సాగదీయగలవు, ఎలాగైనా తల పైకి పెట్టాలని. సబ్1ఏ అనే జన్యువు ఉన్న రకం సరిగ్గా అదే కబురుకి తద్విరుద్ధంగా ఎదుగుదల ఆపేసి, ఉన్న పిండిపదార్థాన్ని పొదుపు చేసుకుని, నీరు తీసేదాకా ఊపిరి బిగబట్టి పడుంటుంది. నెలల తరబడి నీరు నిలిచే చోట సాగడం తెలివి, పదిరోజుల్లో నీరు లాగేసే చోట అలా సాగితే ఒంట్లో సత్తువ అయిపోయి వాలిపోతుంది. రెండూ వరే, రెండింటికీ అందింది ఒకే కబురు, ఏ వరదలు ఎన్నిసార్లు ముంచాయన్న దాన్నిబట్టి జవాబులు వేరయ్యాయి. (ఆ సబ్1ఏ వచ్చింది మన పక్కనున్న ఒడిశా రైతుల పాత రకం నుంచే. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకంలోకి దాన్ని ఎక్కించి చేసిన స్వర్ణ సబ్1 దాదాపు రెండు వారాల మునకని తట్టుకుంటుంది.)

ఇంకో దారి, అందరూ ఒకేసారి బరిలోకి దిగకపోవడం. కలుపు మొక్కలు దీనిలో ఆరితేరినవి. ఒక కంకి నుంచి రాలిన గింజల్లో కొన్ని ఈ ఏడు మొలుస్తాయి, కొన్ని మట్టిలో నిద్రపోతాయి. మంచి ఏడాదిలో ఇది నష్టమే, మొలవాల్సినవి మొలవలేదు. కరువు ఏడాదిలో వంశం నిలబడేది మాత్రం ఆ నిద్రపోయిన వాటివల్లే.

మరి మార్పుల వేగాన్నే పెంచేసుకుంటే? అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988 నుంచి 12 సీసాల్లో ఈ.కోలై బ్యాక్టీరియాని పెంచాడు. కాలక్రమంలో సగం సీసాల్లో డీఎన్‌ఏ తప్పుల్ని దిద్దే యంత్రాంగం దెబ్బతిని, ఉత్పరివర్తనాల (డీఎన్‌ఏలో వచ్చే మార్పుల) వేగం విపరీతంగా పెరిగింది. మేలు చేసే మార్పు తొందరగా దొరకొచ్చు, నిజమే, కానీ దానితోపాటు చెత్త కూడా పేరుకుంటుంది. ఒక సీసాలో ఆ వేగం తర్వాత మళ్లీ తగ్గింది కూడా. మారే సత్తాకి ఖరీదుందన్నమాట, పరిసరం కుదురుగా ఉంటే ఆ ఖరీదు దండగ.

ఇక్కడే నాకు మా శ్రీకాకుళం జిల్లా తోటల సీమ ఉద్దానం గుర్తొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసినప్పుడు, 'ప్రకృతి సర్దుకుంటుందిలే' అన్నవాళ్లు ఉన్నారు. దేనికి సర్దుకుంటుంది? దోమకి నెల తిరక్కముందే కొత్త తరం, కొబ్బరికి కాపు రావడానికే ఏళ్లు. పైగా జీడిలో ఇప్పుడు అంట్లు నాటుతున్నాం, కాపు త్వరగా వస్తుంది, కాబట్టి రైతుని తప్పుపట్టను, అయితే ఒకే తల్లిచెట్టు అంట్లన్నీ జన్యుపరంగా ఒకటే, వాటిలో ఎంచుకోవడానికి తేడా ఏదీ?

ఆ తేడా లేకపోతే ఏమవుతుందో వరిలో ఒకసారి చూశాం. దోమని ఆపే ఒకే జన్యువుతో ఐఆర్ 26 రకం 1973లో ఫిలిప్పీన్స్‌లో వచ్చింది. ఊళ్లకి ఊళ్లు అదే వేశాయి. రెండు మూడేళ్లకే దాన్ని తినగలిగే దోమ తయారైంది. పాత విత్తనాన్ని శీతల గిడ్డంగిలో దాస్తే చాలదా అంటారు. దాచాలి, దాచకపోతే సబ్1ఏ మనకి దొరికేదే కాదు. కానీ గిడ్డంగిలోని గింజ దాచిన రోజు దగ్గరే ఆగిపోతుంది, బయట దోమ ఆగదు.

వరిలో మొలిచే కలుపు గడ్డి ఊద కూడా ఆగదు. మా పెద్దమ్మ కలుపు తీసేటప్పుడు పైకి చూసి నమ్మదు, ఆకు విప్పి మొదలు చూస్తుంది, వరికి అక్కడ తెల్లటి పల్చని పొర ఉంటుంది, ఊదకి ఉండదు. ఊదలో కొన్ని రకాలు పైకి అచ్చం వరిలా మారిపోయాయి. చైనాలో యాంగ్జీ లోయ ఊదని జన్యుపరంగా పరిశీలించి, ఆ పోలిక సుమారు వెయ్యేళ్లనాడు మొదలైందని 2019లో తేల్చారు. వాటిని వరిలా చెక్కింది వందల ఏళ్లుగా కలుపు తీసిన చేతులే, కనపడినదాన్ని పీకి, కనపడనిదాన్ని వదిలేసి. ఈ మాట చెబితే మా పెద్దమ్మ నవ్వి, "అయితే నేను పీకడం మానేయాలేటి?" అంది.