కరువు మీదికి నెట్టేసిన నేరం

2011లో టెక్సాస్‌లో కరువు ముదిరి ఎగువ బ్రజోస్ నది మడుగులు మడుగులుగా తెగిపోయింది. షార్ప్‌నోజ్ షైనర్, స్మాల్‌ఐ షైనర్ అనే రెండు రకాల చిట్టి చేపల్ని వలలతో పట్టి హ్యాచరీకి తరలించాల్సి వచ్చింది. వానల్లేక చేపలు పోతున్నాయన్నారు. నేను ఒప్పుకోను.

అమెరికా మైదానాలకు కరువు కొత్తా? ఈ చేపలు వేల ఏళ్లుగా దాంతో కాపురం చేస్తున్నాయి. పైన ఎండితే కిందికి జారుకుంటాయి, వరదొస్తే ఎదురీది తిరిగొస్తాయి.

కిటుకంతా గుడ్లలో ఉంది. వీటిని రాళ్లకో నాచుకో అంటించవు, పారే నీళ్లలో వదిలేస్తాయి. ప్రవాహంలో తేలుతూనే గుడ్డు ఒకట్రెండు రోజుల్లో పిల్లవుతుంది, ఆ పిల్లకు ఈత వచ్చేసరికి ఇంకొన్ని రోజులు. అప్పటిదాకా నది ఆగకూడదు. ఈ షైనర్లకు అడ్డులేని నది సుమారు 275 కిలోమీటర్లు కావాలని అమెరికా వన్యప్రాణి శాఖ లెక్కగట్టింది. మధ్యలో రిజర్వాయర్ తగిలితే నీరు నిలిచి, గుడ్డు అడుగున బురదలో కూరుకుపోతుంది. ఈ చేపల ఆయుష్షే రెండేళ్లు, మహా అయితే మూడు. వరసగా రెండు సీజన్లు పిల్లలు దక్కకపోతే అక్కడ వంశం ఆగినట్టే. దిగువ నుంచి కొత్తవి వద్దామన్నా డ్యామ్ అడ్డం.

ఒకప్పుడు కాన్సాస్, ఓక్లహామాల్లోనూ తిరిగిన పెప్పర్డ్ చబ్ అనే ఇంకో చిట్టి చేప ఇప్పుడు న్యూమెక్సికోలోని యూట్ రిజర్వాయరుకూ టెక్సాస్‌లోని లేక్ మెరిడిత్‌కూ మధ్య ఒక్క నది ముక్కలో మిగిలింది. 2022లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు.

తాగునీళ్లిచ్చేదీ, వరదను ఆపేదీ డ్యాములే కదా అంటారు. నిజమే, యూట్‌ను కూల్చమని నేననను. కానీ అడ్డాలన్నీ యూట్ అంతటివి కావు. వాగుల మీద చిన్న చిన్న కట్టలు, నీటికి అందనంత ఎత్తులో పెట్టిన రోడ్డు తూములు కూడా చేపకు గోడలే. కాన్సాస్‌లోని విచిటా నగరంలో ఆర్కాన్సా నది మీది డ్యామ్‌కు చేపలు ఎక్కే దారి కట్టారు. మిగతా చోట్ల ఏమడ్డం?

అదే ఆర్కాన్సా నది పశ్చిమ కాన్సాస్‌లో గార్డెన్ సిటీ దగ్గర చాలాకాలం ఒట్టి ఇసుకే. ఎగువన కొలరాడోలో నీళ్లు మళ్లించారు, నేల కింద ఒగల్లాలా అనే భూగర్భ జలనిధిని పొలాల మోటార్లు తోడేశాయి. దానికీ కరువు పేరే. వాన మీద కేసు పెట్టలేం కాబట్టి ఆ మాట అందరికీ నచ్చుతుంది. మనమేం తక్కువ? పులస దొరకని ఏడాది గోదారికి వరద సరిగా రాలేదనే అంటాం, ధవళేశ్వరం బ్యారేజీ ఊసెత్తం.